ఎండ గాదె

శాంతమ్మ ముసురు పట్టిన మరునాడు పొద్దున పోయింది. చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. రాత్రి ఎదలో పట్టినట్టుంది అనింది, ఇంత వాము నమిలి పండుకునింది. తెల్లవారి లేచి కూర్చొని నీళ్లు అడిగింది. హుసేనప్ప చెంబుతో వచ్చేలోపల తల గోడకు వాలిపోయింది. చెంబు పట్టుకొని ఆయన అట్లనే నిలబడినాడు. పిలిచి చూద్దామనుకున్నాడు. పెండ్లయినకాడి నుంచి పేరు పెట్టి పిలిచింది లేదు, ఆ పొద్దు కూడా నోరు రాలేదు. వంగి భుజం పట్టి కదిలించినాడు. తర్వాత చెంబు కింద పెట్టినాడు.

ఆ ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే తారురోడ్డుకు లోపల, వంక దాటినాక వస్తుంది. ఊరి కొసన మిట్టమీద ఉన్న వీధిని మిట్టవీధి అంటారు. ఒక దిక్కు గుడికి పోయేవాళ్ల ఇండ్లు, ఇంకో దిక్కు చర్చికి పోయేవాళ్ల ఇండ్లు. నడుమ ఎద్దులబండి పట్టేంత దోవ. ఒక ఇంట్లో దగ్గితే ఎదురింట్లో వినపడుతుంది.

హుసేనప్పకు ఒక్కటే కూతురు, ఉరుకుందమ్మ. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకొని కన్న బిడ్డ. మొగుడు మారుతితో కలిసి సుగ్గికి పోయింది. చేలల్లో పని లేని కాలంలో ఇక్కడివాళ్లు గుంటూరు దిక్కు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు, దాన్నే సుగ్గి అంటారు. ఆమె పోయేనాడు లారీ చెప్పినదానికంటే ముందే వచ్చింది. శాంతమ్మ కట్టెలకు పోయి ఉండింది. తల్లిని చూడకుండానే బిడ్డ లారీ ఎక్కింది. శాంతమ్మ మోపు నెత్తిన పెట్టుకొని వచ్చేసరికి దోవలో దుమ్ము మాత్రం మిగిలింది. ఆ మాట తల్లీ కూతుళ్లు ఫోనులో ఎన్నిసార్లు చెప్పుకున్నారో.

బజారి ఫోను కలిపి హుసేనప్ప చేతికిచ్చినాడు. బజారి శాంతమ్మ తమ్ముడు, పక్కింట్లోనే కాపురం. అవతల ఉరుకుందమ్మ ఏడ్చి ఏడ్చి, గొంతు సవరించుకొని చెప్పింది.

"నాయనా, నేనొచ్చేదాకా ఎత్తద్దు. అమ్మ మొగం సూడాల నేను."

"సరే."

"సరే అంటే గాదు. ఎత్తనని సెప్పు."

"ఎత్తను."

ఒక మాటతో పోయేదానికి రెండో మాట వాడే మనిషి కాదు హుసేనప్ప. ఆ పొద్దు రెండూ అన్నాడు.

వంక ఇంకా పొంగలేదు. బజారి ఆటో మాట్లాడుకొని ఆదోనికి పోయి ఐసుపెట్టె తెచ్చినాడు. పైన అద్దం, కింద మిషను. శాంతమ్మకు స్నానం చేయించి, పసుపు పూసి, అందులో పండబెట్టినారు. తీగె గోడకు తగిలించి మీట నొక్కితే పెట్టె గుర్రుమనింది. అప్పటికే కరెంటోళ్ల కరెంటు లేదు. తుపాను గాలికి రోడ్డు వెంబడి స్తంభాలు వరసగా ఒరిగిపోయినాయి. పెట్టె నడిచింది గాదె కరెంటుతో.

గాదె అంటే జొన్నలు పోసేది కాదు. ఆ మధ్య ఏదో సంస్థోళ్లు వచ్చి మిట్టవీధి మిద్దెల మీదంతా సోలారు పలకలు పరిచినారు. ఎవరి మిద్దె మీద పడిన ఎండయినా సరే, తీగెల వెంట పోయి వీధి మొదట్లో ఉన్న రేకుల గదిలోకి చేరుతుంది. అక్కడ బీరువా అంత బ్యాటరీ ఉంది. పగలు నింపుకుంటుంది, కరెంటు పోయినప్పుడు అన్ని ఇండ్లకూ ఇస్తుంది. అది పెట్టిన రోజు శాంతమ్మ సంస్థ పిల్లోణ్ణి పట్టుకొని అడిగింది.

"మా మిద్దె మీది ఎండ ఎవరింట్లో దీపమయితాదో ఎట్ల తెలుస్తాది నాయనా?"

"తెలీదవ్వా. అంతా కలిసిపోతుంది."

"అట్లయితే అందరి జొన్నలూ ఒక గాదెలో పోసుకున్నట్టు."

అప్పటి నుంచి దానికి ఎండ గాదె అనే పేరు వచ్చింది. బజారి మాత్రం ఆ రోజు ఊరుకోలేదు. "మా మిద్దె పెద్దది గదక్కా, మాకు రోంత ఎక్కువ రావాల," అన్నాడు. "నీ మిద్దె పెద్దదేలేరా, నీ ఇంట్లో టీవీ దానికంటే పెద్దది. మూసుకొని కూర్చో," అనింది శాంతమ్మ. వీధంతా నవ్వినారు.

ఎండ చాలని రోజుల్లో ఏం చేయాలనేది కూడా ఆ రోజే కూర్చొని మాట్లాడుకున్నారు. మొదట టీవీలు ఆపాల. తర్వాత ఫ్యాన్లు. ఆ తర్వాత లైట్లు. అన్నీ ఆపినా ఆపకూడనిది ఒకటుంది. అది దేవమ్మ గాలిమిషను.

దేవమ్మది ఎదురిల్లు. ఆమే, శాంతమ్మా వయసులో ఉన్నప్పటి నుంచి ఆదోని పత్తిమిల్లుకు జతగా పోయినవాళ్లు. శాంతమ్మ బయట కళ్లంలో పత్తి ఏరేది. దేవమ్మ లోపల, మిషన్ల కాడ. లోపల దూది దుమ్ము పొగమంచు మాదిరి లేస్తూ ఉంటుంది. ఏండ్ల తరబడి పీల్చిన ఆ దుమ్ము ఇప్పుడు ఆమెను నాలుగడుగులు వేయనీయదు. పెద్దాసుపత్రిలో చూసి, ఇంట్లో గాలిమిషను పెట్టుకోమన్నారు. సన్న గొట్టం ముక్కుకు తగిలించుకొని దాని పక్కనే కూర్చొని ఉంటుంది. ఆ మిషను బుస్సుమని పీల్చి, టక్కుమని వదులుతుంది. పగలూ రాత్రీ ఆ చప్పుడే. కొత్తలో వీధిలో చాలామందికి నిద్ర పట్టలేదు. తర్వాత అలవాటయి, ఉందో లేదో కూడా గమనించడం మానుకున్నారు.

గాదె గది తాళంచెవి ఎవరికివ్వాలంటే అందరూ హుసేనప్ప పేరే చెప్పినారు. "బావయితే అడిగినా ఇయ్యడు. ఎందుకియ్యలేదో సెప్పను కూడా సెప్పడు," అన్నాడు బజారి.

మిట్టవీధిలో ఇంకొక కట్టు ఉంది. అది ఎవరు పెట్టినారో తెలీదు, చర్చివాళ్లూ గుడివాళ్లూ ఒక్క తీరుగా పాటిస్తారు. ఒక ఇంట్లో సావు జరిగితే, పీనుగ లేచేదాకా వీధిలో ఎవరూ పొయ్యి ముట్టించరు. పసిపిల్లలకు ఊళ్లోపల చుట్టాల ఇంటి నుంచి ఇంత తెచ్చి పెడతారు. ఇంకొకటి, సావింటి వాళ్లను ఎవరూ ఏమీ అడగరు. చేబదులు అడగరు, పార అడగరు, నీళ్ల బిందె అడగరు. వాళ్ల నుంచి ఏదీ రాకూడదు, వాళ్లకే అన్నీ పోవాల.

అందుకే ఆ రోజు ఎవరూ చెప్పకుండానే ఇండ్లలో మీటలన్నీ ఆపేసినారు. టీవీ, ఫ్యాను, లైటు, ఫోను చార్జింగు, అన్నీ. గాదెలో ఉన్నదంతా శాంతమ్మ ఐసుపెట్టెకే పోనీ అని. పొద్దు గూకినాక వీధి మొత్తానికి హుసేనప్ప ఇంట్లో తలాపున పెట్టిన ప్రమిద ఒక్కటే వెలుగు. ఇంటి ముందర పట్ట కట్టినారు. దాని కింద ముసలోళ్లు కంబళ్లు కప్పుకొని కూర్చున్నారు. ముసురు పట్ట మీద సన్నగా పడుతూనే ఉంది.

"శాంతక్క ఉండింటే ఈ పాటికి మనల్ని తిట్టి పంపించుండు," అన్నాడొక ముసలాయన.

"ఏమని?"

"పనీపాటా లేనోళ్లొచ్చి నా అరుగు అరగదీస్తాండారని."

ఇంకొకాయన చిన్నగా నవ్వి, హుసేనప్ప దిక్కు చూసి ఆపుకున్నాడు. ఆ తిట్టు వినపడినట్టే అయింది హుసేనప్పకు.

ఉరుకుందమ్మ ఆ రాత్రి బస్సులో ఉంది. తెల్లవారి ఫోను చేసింది. "గిద్దలూరు కాడ ఆపేసినారు నాయనా. ఘాటులో చెట్లు పడినాయంట. తీస్తాండామంటారు, ఎప్పుడు తీస్తారో సెప్పరు. అమ్మ ఎట్లుండాది?"

అమ్మ ఎట్లుంది అనే మాటకు ఏం చెప్పాలో తెలియక ఆయన, "ఉంది," అన్నాడు. మాట తెగిపోయింది.

లేచి గాదె కాడికి పోయినాడు. తాళం తీసి చూసినాడు. బ్యాటరీ ముఖాన ఫోనులో మాదిరి గీతలు ఉంటాయి. నిండితే నిండా పచ్చగా ఉంటాయి. నిన్న పొద్దునే సగానికి ఉండినాయి. ఇప్పుడు కింద రెండు గీతలు మిగిలినాయి. మబ్బులో కూడా పలకలు రోంత ఇస్తాయి గానీ, అది దోసిట్లో పట్టిన నీళ్లంత. అయినా ఆయనకు మనసు కుదుటపడింది. ఒక్క గీతన్నా ఉంటుందో ఉండదో అనుకొని వచ్చినాడు. ఐసుపెట్టె, గాలిమిషను రెండూ రాత్రంతా నడిచినాక కూడా రెండు ఉన్నాయంటే, బిడ్డ వచ్చేదాకా నెట్టుకు రావచ్చు. తాళం వేసి వెనక్కి తిరిగినాడు.

ఇంటి దగ్గరికొచ్చి, వాకిట్లో కాలు పెట్టబోయి, ఆగినాడు.

ఏదో తక్కువైంది వీధిలో. ముసురు చప్పుడు ఉంది. లోపల ఐసుపెట్టె గుర్రు ఉంది. ఎవరో బిడ్డను ఊరుకోబెడుతున్న చప్పుడు ఉంది. ఆ బుస్సుమనేది, టక్కుమనేది లేదు. ఎప్పటి నుంచి లేదో గుర్తు చేసుకుందామని చూసినాడు. తెల్లారినప్పుడు ఉండిందా? రాత్రి ఉండిందా? నిన్నంతా ఆయన చెవులు ఐసుపెట్టె మీదనే ఉన్నాయి.

సావింటి మనిషి పీనుగ లేచేదాకా ఇంకొక ఇంటి గడప తొక్కకూడదు. హుసేనప్ప దోవ దాటి ఎదురింటి గడప తొక్కినాడు.

దేవమ్మ మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊనుకొని కూర్చొని ఉంది. నోరు తెరిచి గాలి కోసం లాగుతా ఉంది. ఎగబీల్చినప్పుడల్లా మెడ కింద గుంట పడుతుంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడినాయి. గొట్టం మెడలో వేలాడుతుంది. మిషను మూగగా పక్కన ఉంది. కోడలు రూత్ అత్త వీపు రాస్తా నిలబడి ఉంది. కండ్లు ఉబ్బిపోయినాయి.

హుసేనప్పను చూసి రూత్ మంచం వెనక్కి జరిగింది. "నేను సెప్పలేదు మామా," అనింది, తప్పు చేసినదాని మాదిరి. "ఎవరికీ సెప్పలేదు."

"ఎప్పుడు ఆపినారు?"

"నిన్న మాపటేళ. కాసేపు పెట్టుకుంటాది, కాసేపు తీస్తాది. తెల్లారుజాము నుంచి అస్సలు పెట్టుకోల్యా. సావింటికి కావాల, నాకెందుకు అంటాది. మామకు సెప్తానంటే, సావింటి మనిషిని అడిగితే నేనీ వీధిలో ఉండనంటాది. నూటెనిమిదికి ఫోను సేసినా మామా. వంక పొంగిందంట, నీళ్లు తగ్గినాక వస్తామన్నారు. అంతలోకే నా ఫోనూ సచ్చిపోయింది."

హుసేనప్ప మిషను మీట నొక్కినాడు. అది బుస్సుమనింది. గొట్టం తీసి దేవమ్మ ముక్కుకు తగిలించినాడు. ఆమె తల అడ్డంగా ఆడించింది గానీ, ఆ చేతిని తోసే బలం లేదు. కాసేపటికి మాట వచ్చింది. ఒక మాటకు ఒక ఊపిరి.

"పాప... రానీ అన్నా. మొగం... సూడనీ. నా సంకలో... పెరిగింది అది."

"వస్తాది. నువ్వు పెట్టుకో."

"శాంతి ఆడ... పండుకోనుంటే... నేనీడ..." మిగతాది చెయ్యి ఊపి చెప్పింది.

ఆయన గడప దాటినాడు. దోవలోకి వచ్చినాడో లేదో, వెనక టక్కుమని మీట చప్పుడు. మిషను ఆగింది. తిరిగి లోపలికి పోయినాడు. దేవమ్మ చెయ్యి ఇంకా మీట మీదనే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పెట్టు," అన్నాడు.

"పీనుగ... లేసినాక... పెట్టుకుంటా."

దేవమ్మ గురించి ఆయనకు తెలుసు. మిల్లులో మేస్త్రి అడ్డం తిరిగినప్పుడు ఆడోళ్లందరినీ గేటు ముందర కూర్చోబెట్టి, శాంతమ్మనూ కూర్చోబెట్టి, మేస్త్రి చేతులు జోడించేదాకా లేవనీయని మనిషి. శాంతమ్మ ఇంట్లో పండుకొని ఉన్నంతసేపూ ఈమె ఆ మీట నొక్కదు. పక్కన నిలబడి నొక్కిస్తే, తిరిగిన వెంటనే ఆపేస్తుంది. రెండు గీతలు మిగిలింది ఎందుకో ఆయనకు అప్పుడు తెలిసింది. అది గాదె మిగిల్చింది కాదు. దేవమ్మ ఊపిరిలో నుంచి మిగిలింది.

రెండూ నడిస్తే పొద్దు గూకేలోపలే గాదె ఒట్టిపోతుంది. ఆ తర్వాత రాత్రంతా దేవమ్మకు ఏమీ ఉండదు. ఒక్క గాలిమిషనే నడిస్తే తెల్లారేదాకా లాగొచ్చు. ఉరుకుందమ్మ వచ్చేది ఈ రోజో, రేపో, ఎల్లుండో.

ఆయన ఇంటికొచ్చి బజారిని పిలిచినాడు.

"ఎత్తుదాం."

బజారికి అర్థం కాలేదు. "ఏంది బావా?"

"మీ అక్కను. ఎత్తుదాం."

పట్ట కింద వాళ్లంతా తలెత్తినారు. బజారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించినాడు. "పాప యాడుండాదో తెలుసా నీకు? కొండకు అవతల పక్క, బస్సులో కూర్చోని ఏడుస్తాంది. దానికి మాటిచ్చినావు నువ్వు."

"ఇచ్చినా."

"మరి?"

హుసేనప్ప ఎదురింటి దిక్కు చూసినాడు. బజారి కూడా చూసినాడు. అప్పుడు ఆయనకూ వినపడింది, అక్కడ ఏమీ వినపడటం లేదని. లోపలికి పోయి చూసి వచ్చినాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకొంచేపు సూద్దాం బావా. మధ్యాన్నానికి మబ్బు తొలిగినా తొలగచ్చు. రోంత ఎండ పడితే రెండూ నడుస్తాయి గదా."

"సూడు," అన్నాడు హుసేనప్ప, ఆకాశం దిక్కు గడ్డం ఎత్తి. అది కంబళి మాదిరి కొండ నుంచి కొండ దాకా కప్పుకొని ఉంది.

"ఐసుపెట్టె ఆపేసి, ఊరికే ఇంట్లో ఉంచుకుందాం. సలికాలం గదా. ఇంకొక పూట నిలబడదా?"

"పీనుగ ఉంటే ఆమె పెట్టుకోదు."

"నేను పోయి కూర్చుంటా ఆమె పక్కన. మీట మీద సెయ్యి పెట్టనియ్యను."

"దేవమ్మను?"

బజారి కోపమంతా అటు తిరిగి, బావ మీదికే వచ్చింది. "నీకేం బావా. నువ్వు మాట్లాడవు. నువ్వు ఏడవను కూడా ఏడవల్యా. రేపు పాప వచ్చి నా కాలర్ పట్టుకుంటాది, మామా మా అమ్మ యాడ అని. ఏం సెప్పల్ల నేను? అక్క నీకు ఇన్నేండ్లు వండిపెట్టింది గదా. ఒక్క పూట ఆగలేవా దానికోసం?"

పట్ట కింద ఎవరూ కదలలేదు. ఒక ముసలామె చీరె కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. హుసేనప్ప బజారి భుజం మీద చెయ్యి వేసినాడు. బలంగా ఏమీ కాదు, ఊరికే వేసినాడు. బజారి ఆ చేతిని దులుపుకుందామనుకొని, దులుపుకోలేక, అట్లనే నిలబడి ఏడ్చినాడు.

"గుంత తవ్వేదానికి మనుషుల్ని పంపియ్యి," అన్నాడు హుసేనప్ప.

తర్వాత తన బొత్తాముల ఫోను తీసినాడు. పెద్ద ఫోన్లన్నీ చార్జింగు లేక ఆరిపోయినాయి, అదొక్కటే బతికి ఉంది. బొమ్మ పంపే ఫోను కాదది. కూతురికి కలిపినాడు. గాలి చప్పుడు, మనుషుల కేకలు, నడుమ ఆమె గొంతు.

"వస్తాండా నాయనా. సెట్లు కోస్తాండారు. మారుతి కూడా పోయినాడు కోసేదానికి."

"అమ్మా."

ఆయన అట్లా పిలవడం తక్కువ.

"ఎత్తుతాండాం అమ్మా."

కొండగాలి మాత్రం వినపడింది చాలాసేపు.

"నేను రాలేదు గదా నాయనా," అనింది, చిన్నపిల్లకు చెప్పినట్టు, నెమ్మదిగా. "నేనింకా రాలేదు."

"దేవమ్మకు గాలి సాలదు. గాదె అయిపోతాంది."

ఆమె ఏదో అనింది. తెగి తెగి వచ్చింది. మాట అర్థం కాలేదు గానీ, అది సరే అనే మాట మాత్రం కాదు. మళ్లీ కలిపితే కలవలేదు.

ఐసుపెట్టె మీట ఆయనే ఆపినాడు. గుర్రు ఆగింది. వీధిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మూత తీసినాక అద్దం మీది మసక అడ్డం లేక శాంతమ్మ ముఖం తేటగా కనపడింది. రూత్ వచ్చి తల దువ్వింది, ఇంకో ఇద్దరు ఆడోళ్లు చీరె సర్దినారు. హుసేనప్ప తలాపున గొంతుకూర్చొని చూస్తా ఉన్నాడు. ఎవరో పక్కకు జరగమన్నారు. జరగలేదు. ఆయన చుట్టూ తిరిగే పని చేసుకున్నారు.

శాంతమ్మను వాకిలి దాటించేటప్పుడు మోసేవాళ్లు ఒక్క క్షణం ఎదురింటి ముందర ఆగినారు. ఆగమని ఎవరూ చెప్పలేదు. గడప లోపల నుంచి దేవమ్మ గోడ పట్టుకొని లేచి నిలబడింది. చెయ్యెత్తి మొక్కిందో, పొమ్మనిందో. పాడె మిట్ట దిగి మలుపు తిరిగినాక, వెనక బుస్సుమని చప్పుడు మొదలయింది. హుసేనప్ప తిరిగి చూడలేదు గానీ, నడక కొంచెం నిదానించింది.

గుంతలో దించినాక పెద్దాయనొకడు, "ఇంక మొగం మూయండప్పా," అన్నాడు. "ఉండండి," అన్నాడు హుసేనప్ప. గుంతలోకి దిగినాడు. ముసురు శాంతమ్మ నుదుటి మీద పడి పసుపును కరిగిస్తా ఉంది. తన తువ్వాలు గొడుగు మాదిరి పట్టుకొని ఆ ముఖంలోకి చూసినాడు. ఇంతమంది ముందర పెండ్లాం ముఖం అట్లా చూడటానికి ఆయన ఏ రోజూ సిగ్గుపడకుండా లేడు. ఆ రోజు సిగ్గు గుర్తుకే రాలేదు. పైన మనుషులు తడుస్తా నిలబడినారు. "పొద్దు పోతాంది బావా," అన్నాడు బజారి, మెల్లగా. అప్పుడు లేచి, గుడ్డ కప్పి, మొదటి దోసెడు మట్టి తానే వేసినాడు.

ఆ మాపటికి మిట్టవీధిలో పొయ్యిలు వెలిగినాయి. లైట్లు మాత్రం ఎవరూ వేయలేదు. తెల్లవారి గాదె చూస్తే ఒక గీత ఎర్రగా కొట్టుకుంటా ఉంది. మబ్బు పలచబడి, పలకల మీద సన్న వెలుగు పడేసరికి అది నిలబడింది. దేవమ్మ పెదవులకు రంగు తిరిగి వచ్చింది. మాట్లాడలేదు. రూత్ జొన్నరొట్టె తుంచి పెడితే తినింది.

ఉరుకుందమ్మ మధ్యాన్నం వచ్చింది. వంకలో ఇంకా నడుము లోతు నీళ్లు ఉన్నాయి. ఊరోళ్లు అడ్డంగా తాడు కట్టి పట్టుకున్నారు. మారుతి ముందు, ఆమె వెనక దాటినారు. చీరె కాళ్లకు చుట్టుకొని, బురద కొట్టుకొని వచ్చింది. ఇంటికి రాలేదు. నేరుగా గుంత కాడికి పోయింది. హుసేనప్ప అక్కడే ఉన్నాడు. పొద్దున్నుంచి అక్కడే ఉన్నాడు, బిడ్డ ముందు అక్కడికే వస్తుందని తెలుసు.

ఆమె గట్టిగా ఏడవలేదు. మట్టి మీద పడి, అరచేతులతో దాన్ని పట్టుకొని పండుకునింది. మారుతి లేపబోతే చెయ్యి తోసేసింది. అతను దూరంగా పోయి నిలబడినాడు. చాలాసేపటికి లేచి కూర్చునింది, తండ్రి దిక్కు చూడకుండా.

"ఎత్తను అన్నావు."

"అన్నా."

"నేను ఆడ సెట్టుకింద తడుస్తా కూర్చోని, మా నాయన ఎత్తడు అని అందరికీ సెప్తాండా."

ఆయన మట్టి మీద పడిన తడి ఆకు ఒకటి తీసి పక్కన వేసినాడు.

"దేవమ్మత్త ఉందా?"

"ఉంది."

"నువ్వు కాకుండా ఇంకొకరయితే పెట్టె ఆపేటోళ్లు కాదు నాయనా." ఆ మాట తిట్టో, ఇంకొకటో, ఆమెకే తెలియనట్టుంది. మట్టి గడ్డ ఒకటి తీసి వేళ్లతో నలిపింది. "ఆమె బతకాల. నేను కాదనను. కానీ నాకు మా అమ్మ మొగం ల్యాకుండా పోయింది గదా. లారీ ఎక్కేనాడూ ల్యాదు, ఇప్పుడూ ల్యాదు. కండ్లు మూసుకుంటే ఎప్పటిదో మొగం వస్తాంది, నా పెండ్లినాటిది. నిన్నటిది కావాల నాకు. ఎట్లుండె మొగం? అదన్నా సెప్పు."

హుసేనప్ప ఆమెకు ఎదురుగా, మట్టికి అవతల, గొంతుకూర్చున్నాడు. మొదలుపెట్టడం కష్టమయింది.

"నుదురు నున్నగా ఉండె," అన్నాడు. "పనిలో ఉన్నప్పుడు ముడత పడతాదే నడుమ, అది ల్యాదు. రూపాయంత బొట్టు పెట్టినారు. ముసురుకు రోంత కారింది, ఎడమ కనుబొమ్మ మీదికి."

ఉరుకుందమ్మ చేతిలో మట్టి నలపడం ఆపింది.

"తల రూత్ దువ్వింది. నూనె పెట్టి. నడి పాపిట. సెవుల పైన తెల్లగా ఉండె, మొన్నటికంటే ఎక్కువ తెల్లగా. నేనెప్పుడూ సూడల్యా అంత తెలుపుందని. ఎడమ కన్ను సరిగా మూసుకోల్యా. గీత మాదిరి తెరిసే ఉండె. మూసినా మళ్లా తెరుసుకునింది. అట్లనే ఉండనిచ్చినాం."

"ముక్కుపుడక?"

"తీసినారు. ఆడ సిన్న సుక్క మాదిరి గుర్తు ఉండె. రంధ్రం సాగి, కిందికి జారినట్టు."

"కట్టెలు కోసే కొక్కి తగిలి కోసుకుపోయింది, నేను ఫోను సేసినప్పుడు సెప్పింది. గడ్డం మీద."

"మానింది. పక్కు ఊడి, కింద గులాబీగా కొత్త తోలు. ఈడ." ఆయన తన గడ్డం మీద వేలితో చూపించినాడు. "నోరు కట్టినారు గదా, గుంతలో ఇప్పినాం. కింది పెదవి లోపలికి పోయింది. ఎవరినో తిట్టబోయి, ఎందుకులే అని ఊరుకున్నట్టుండె."

ఉరుకుందమ్మ నోటి నుంచి నవ్వు లాంటిది వచ్చింది. వచ్చి, అది పగిలిపోయి ఏడుపయింది. ఆయన ఆగినాడు. ఆమె చెయ్యి ఊపింది, ఆపద్దు అని.

"నన్ను అడిగిందా నాయనా? పోయేముందర?"

అవునంటే సరిపోతుంది. మారుతి దూరంగా ఉన్నాడు, ఇంట్లో ఆ పొద్దు ఇంకెవరూ లేరు. హుసేనప్ప మట్టి దిక్కు చూసినాడు.

"లేదమ్మా. నీళ్లు అడిగింది. తెచ్చేలోపల పోయింది."

ఆమె తల వంచుకునింది. నీళ్లు అనే మాట తనలో తాను అనుకునింది. మబ్బు సందులో నుంచి ఎండ పడి పోయింది, మళ్లీ పడింది. మారుతి చెప్పులు విడిచి, దగ్గరికి రావాలా వద్దా అని నిలబడి ఉన్నాడు.

"మళ్లా సెప్పు," అనింది ఉరుకుందమ్మ, కండ్లు మూసుకొని. "మొదట్నుంచి సెప్పు. నిదానంగా."

హుసేనప్ప మళ్లీ నుదుటికాడ నుంచి మొదలుపెట్టినాడు.